కొండ దిగువ భాగోతం: వంగపండు ప్రసాదరావు కళాజీవితం, దాని వెనుక చరిత్ర

తూర్పు కనుమలకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న సన్నని మైదానంలో, అంటే విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా కొండల అంచుదాకా సాగే ఊళ్లలో, ప్రదర్శకుడి పనిని పాట, ఆట, అభినయం, కూర్పు అని విడివిడి శాఖలుగా పంచుకునే అలవాటు మొన్నమొన్నటి వరకు లేదు. రాత్రి మేళం కట్టినవాడే పాట కట్టేవాడు, గజ్జె కట్టేవాడు, వేషం వేసేవాడు, తక్కినవారికి అడుగులు నేర్పేవాడు. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూసిన వంగపండు ప్రసాదరావును పత్రికలు కవి, గాయకుడు, నటుడు, నృత్యకారుడు, రూపకకర్త అని వరుసగా పేర్కొన్నాయి. ఆ జాబితాలో తప్పేమీ లేదు గాని, ఆయన అయిదు వృత్తులు మార్చిన మనిషన్న భావన దానివల్ల కలుగుతుంది. ఆయన చేసింది ఒకే వృత్తి. ఆ వృత్తికి కొండల మీద ఒక వేరు, కొండల కింద మరొక వేరు ఉన్నాయి. ఆ రెండింటినీ చూడకుండా ఆయన కళాజీవితాన్ని అంచనా వేయడం కష్టం.

కొండల మీది వేరును ముందు చూడాలి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయ, దాని చుట్టూ ఉన్న పాడేరు, అనంతగిరి, డుంబ్రిగూడ, ముంచంగిపుట్టు ప్రాంతాలు బ్రిటిష్ కాలంలో ఏజెన్సీ అనే ప్రత్యేక పాలన కిందికి వచ్చాయి. మైదానపు కోర్టులూ చట్టాలూ నేరుగా వర్తించకుండా కలెక్టరుకే గవర్నరు ఏజెంటు హోదాలో సర్వాధికారాలూ ఇచ్చిన 1839 నాటి చట్టం నుంచి ఆ పేరు వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం, కోరాపుట్ అటు వెళ్లగా అరకు, పాడేరు మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో మిగిలిపోయాయి. కొండవాసుల బంధుత్వాలు, సంతలు, పండుగలు ఆ సరిహద్దును పెద్దగా పట్టించుకోలేదు. అరకులో థింసా అని పిలిచే నృత్యాన్నే కోరాపుట్ వైపు ఢెంసా అని పిలుస్తారు. రెండు వైపులా పలు తెగలకు ఉమ్మడి వ్యవహార భాషగా ఉన్న ఆదివాసీ ఒడియా, అంటే దేశియా, ఆ పాటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

బగత, వాల్మీకి, కొండదొర, కొటియా, పొరజ, గదబ తెగలవారు ఆడే థింసాకు ముఖ్యమైన కాలం చైత్రం. పొలం పనులు లేని ఆ నెలలో పురుషులు వేటకు వెళ్లే ఇటుకల పండుగ జరుగుతుంది. ఒక ఊరివారు మరొక ఊరికి బృందంగా వెళ్లి ఆడి, అక్కడ సామూహిక భోజనం చేసి రావడం కూడా ఆ రోజుల్లోనే జరుగుతుంది. ఇలా ఊరు దాటి వెళ్లి ఆడే ఆటకు సంకిడి కెల్‌బార్ అనే పేరు ఉంది. శహనాయిని పోలిన మోరి అనే ఊదుడు వాద్యం, కిరిడి, తుడుము, డప్పు అనే చర్మవాద్యాలు, జంటగా ఊదే జోడుకొమ్ములు ఈ నృత్యానికి ఆధారం. ఆడేవారు ఒకరి వీపు వెనుకగా మరొకరు చేతులు పెనవేసి వరుస కడతారు కనుక ఎవరి అడుగు తప్పినా వరుసంతా ఊగిపోతుంది. నేర్చుకునేవారికి అడుగు చెవి ద్వారా, కంటి ద్వారా కంటే పక్కవారి శరీరం ద్వారానే ఎక్కువగా అందుతుంది.

థింసాలో ఉన్న రకాలు నాటక లక్షణాన్ని స్పష్టంగా చూపిస్తాయి. గ్రామదేవత ఆరాధనలో ఆడే బోడ థింసాలో కుడివైపు పురుషులు, ఎడమవైపు స్త్రీలు వరుస కట్టగా, ముందున్న మనిషి నెమలి ఈకల కుచ్చె పట్టుకుని దారి తీస్తాడు. వరుస చివరి వ్యక్తి వచ్చి అతనితో కలవడంతో రెండు వరుసలూ పాములా మెలికలు తిరిగి వలయంగా మారతాయి. గుండేరి థింసాలో పురుషుడు పాడుతూ స్త్రీని ఆటకు పిలుస్తాడు, ఆ పిలుపుకు సమాధానంగా ఆట మొదలవుతుంది. పొతర్ తోల థింసా అడవిలో ఆకు ఏరే పనిని అనుకరిస్తుంది. బాగ్ థింసా పులి దాడి నుంచి తప్పించుకునే ఉపాయాన్ని ఆడి చూపిస్తుంది. దీపావళికి వాల్మీకులు ఆడే నాటికారి థింసా ఒంటరి నృత్యం. గణాచారి అనే వ్యక్తికి దేవత పూనినప్పటి స్థితిని బాయ థింసా ఆడుతుంది. ఒకదానిలో శ్రమ, ఒకదానిలో వేట, ఒకదానిలో సరసం, ఒకదానిలో పూనకం. కథ చెప్పే అవసరం లేకుండానే ఇవన్నీ అభినయమే. అయితే వీటికి కర్త పేరు ఉండదు. నెమలి ఈకల కుచ్చె పట్టుకున్నవాడు ఆ పూటకు దిశ చూపేవాడు మాత్రమే, రేపు అది మరొకరి చేతికి పోతుంది.

కొండల కింది సంప్రదాయంలో, దీనికి భిన్నంగా, మనిషి పేరు ముందుకు వస్తుంది. గొల్లలు గంగమ్మను కొలుస్తూ, రేకుతో చేసిన గుండ్రని తప్పెటలను రొమ్ముకు కట్టుకుని అరచేతులతో వాయిస్తూ, గెంతుతూ, ఒకరి భుజాలపై ఒకరు ఎక్కుతూ ఆడే తప్పెటగుళ్లు ఉమ్మడి ఆటే అయినా, అందులో పాట అందుకునే గురువుకు ప్రత్యేక స్థానం ఉంది. గుల్లగా ఉండే చిన్న పీపాకు ఒకవైపు తోలు బిగించి, దాని మధ్య నుంచి నరాన్ని లాగి, ఆ నరాన్ని మీటుతూ బిగువు మార్చి పలికించే జముకు చుట్టూ జముకుల కథ పెరిగింది. తూర్పు భాగోతం మరింత సంకీర్ణమైన కళ. కూచిపూడి వైపు భామాకలాపంగా ప్రసిద్ధమైన సత్యభామ కథనే ఉత్తరాంధ్ర మేళాలు మద్దెలల హోరుతో, వేగమైన దరువులతో ఆడతాయి. సత్యభామ వేషం కట్టిన పురుషుడు పాడాలి, పాడిన దానికి మద్దెలగాడు వేసే జతులను అడుగులతో తిప్పికొట్టాలి, మధ్యలో చెలికత్తె మాధవితో మాటకు మాట చెప్పాలి. పాట పాడలేని ఆటగాడికీ ఆట రాని పాటగాడికీ ఆ మేళంలో చోటు ఉండదు.

ఈ కలగలుపు కళకు పండితుల సభల్లో గౌరవం తెచ్చినవారు ఆదిభట్ల నారాయణదాసు. సువర్ణముఖి ఒడ్డున ఉన్న అజ్జాడలో 1864లో పుట్టి, 1883లో ధ్రువ చరిత్రతో హరికథకుడిగా మొదలై, 1919లో విజయనగరంలో ఏర్పడిన సంగీత కళాశాలకు తొలి ప్రధానాచార్యుడైన ఈయన, సొంతంగా రాసిన కథను గజ్జె కట్టి, నిలబడి, పాడి, ఆడి, ప్రతి పాత్రనూ తానే అభినయించి చెప్పేవారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చిన పండితుడే రాత్రి పూట వేదిక మీద చిందు వేయడం ఆ కాలపు మర్యాదస్థులకు కొంత ఇబ్బందిగానే ఉండి ఉంటుంది. కాని విజయనగరం జనానికి అది అలవాటైన దృశ్యం, ఎందుకంటే వారి ఊరి భాగోతగాడు చేసే పని కూడా అదే. అజ్జాడ ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. వంగపండు పుట్టిన పెదబొండపల్లి కూడా అదే జిల్లాలో, పార్వతీపురానికి పక్కనే ఉంది. ఈ సామీప్యం వల్ల ఒకరు మరొకరికి గురువైపోరు, పైగా ఒకరు ఆస్థానపు పండితుడు, మరొకరు కార్మికుల కవి. ఇద్దరి వెనుకా ఉన్న ప్రేక్షకులు మాత్రం ఒకే రకపు చూపు, ఒకే రకపు చెవి ఉన్నవారు.

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఈ సంప్రదాయాన్ని రాజకీయం అందుకుంది. 1943 ప్రాంతంలో రూపుదిద్దుకున్న ప్రజానాట్యమండలి బుర్రకథను, వీధి భాగవతాన్ని, హరికథను కమ్యూనిస్టు ప్రచారానికి వాడింది. గుంటూరు ప్రాంతపు షేక్ నాజర్ బుర్రకథకుడిగా అందులోనుంచే పైకి వచ్చారు. ఉత్తరాంధ్రలో ఈ పనిని అత్యంత తీవ్రమైన పరిస్థితుల్లో చేసినవారు సుబ్బారావు పాణిగ్రాహి. ఒడియా మాతృభాషగా గల ఈ కవి ఉద్దానం ప్రాంతపు బొడ్డపాడులో గుడి అర్చకుడిగా ఉంటూ, తెలుగులో పాటలు కట్టి, అక్కడి యువకులతో జముకుల కథ దళాన్ని తయారుచేసి ఊరూరా తిప్పారు. పురాణగాథలకు వాడే జముకునే రైతు కథకు వాడటం ఆయన చేసిన ముఖ్యమైన మార్పు, వాద్యం పాతదే కనుక జనం దాన్ని పరాయిదిగా చూడలేదు. 1969 డిసెంబరులో రంగమటియా కొండల దగ్గర పంచాది నిర్మల తదితరులతో పాటు ఆయనను పోలీసులు కాల్చిచంపారు.

ఆ హత్యల వెనుక ఉన్నది శ్రీకాకుళ గిరిజన ఉద్యమం. కొండ భూములను మైదానపు షావుకార్లు అప్పుల కింద కాజేయడం, అటవీ ఉత్పత్తులకు గిట్టుబాటు లేకపోవడం, కూలి పేరుతో వెట్టి చేయించుకోవడం వంటి సమస్యల మీద వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు ఉపాధ్యాయులు గిరిజన సంఘాన్ని నిర్మించారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళుతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు జరిపిన కాల్పుల్లో కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తరువాత ఉద్యమం సాయుధ మార్గం పట్టింది, 1970 జులైలో నాయకులిద్దరూ మరణించడంతో దాని మొదటి దశ ముగిసింది. అదే నెలలో హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. అదే ఏడాది ప్రభుత్వం షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలను కఠినం చేసి, గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఇప్పుడు అందరూ 1/70 అని పిలిచే చట్టాన్ని తెచ్చింది. ఉద్యమం అణగిపోయినా భూమి ప్రశ్న చట్టంలోకి ఎక్కింది, పాటలోకి అంతకుముందే ఎక్కింది.

వంగపండు ఈ సంఘటనల మధ్య ఎదిగిన మనిషి. 1943లో పుట్టిన ఆయన ఇంటికి మొండెంఖల్ కొండలు దూరమేమీ కావు, లేవిడి కాల్పుల నాటికి ఆయన వయసు ఇరవై నాలుగు. ఉద్యోగరీత్యా ఆయన కొంతకాలం విశాఖపట్నం షిప్‌యార్డులో పనిచేశారు. స్వతంత్ర భారతంలో నిర్మితమైన తొలి పెద్ద ఓడ జల ఉష 1948లో అక్కడినుంచే నీట దిగింది. ఆ యార్డు ఉత్తరాంధ్ర పల్లెల యువకులకు పారిశ్రామిక శ్రమను మొదటిసారి చూపిన చోట్లలో ఒకటి. యంత్రాన్ని నడిపే చేతుల గురించి ఆయన కట్టిన ప్రసిద్ధ గీతానికి ఆ నేపథ్యం ఉంది. ప్రశ్న వేసి, దానికి మెట్టుమెట్టుగా జవాబు చెబుతూ పోయే ఆ పాట నిర్మాణం పల్లెల్లో వంతగాడు అడిగితే కథకుడు చెప్పే పద్ధతి నుంచి వచ్చింది. ఫ్యాక్టరీ విషయానికి కథకుడి పద్ధతిని వాడటంలోనే ఆయన ప్రతిభ ఎక్కువగా కనిపిస్తుందని చెప్పాలి.

1972లో జన నాట్య మండలి ఏర్పడినప్పుడు గద్దర్‌తో పాటు దాన్ని నిలబెట్టిన తొలి తరంలో వంగపండు ఉన్నారు. గద్దర్ తెలంగాణ డప్పు, గొంగళి, ఒగ్గుకథల ఒరవడిని తెస్తే, వంగపండు ఉత్తరాంధ్ర జానపద బాణీలను, ఆ ప్రాంతపు మాటతీరును, గజ్జెల ఆటను తెచ్చారు. శ్రీకాకుళ పోరాటానికి పిల్లడినీ పిల్లనూ రమ్మని పిలిచే ఆయన పాట తెలుగునాట ఎంతగా వ్యాపించిందంటే, దాన్ని పాడేవారిలో చాలామందికి రాసినవారి పేరు తెలియని స్థితి వచ్చింది. ఒక విధంగా అది థింసా పాటలకు పట్టిన స్థితే. ఆ పాట శక్తి దాని పిలుపులో ఉంది. పిలిచేవాడు ఒకడు, పిలిపించుకునేవారు ఎదురుగా ఉన్నారు, వచ్చే జవాబును బట్టి అడుగు ముందుకో వెనక్కో పడుతుంది. గుండేరి థింసాలో పురుషుడు పాడే పిలుపుకూ దీనికీ నేరుగా సంబంధం ఉందని చెప్పడానికి ఆధారం అవసరం, కాని కొండ మీదా కొండ కిందా ఆటకు పిలవడమే ఒక పాటరూపంగా స్థిరపడి ఉండటం వల్ల రాజకీయ పిలుపు అంత సహజంగా దానిలో ఒదిగి ఉండవచ్చు.

భూమి ప్రశ్నను ఇతివృత్తంగా తీసుకున్న భూమి భాగోతం ఆయన కూర్పుశక్తికి పెద్ద నిదర్శనం. ఇక్కడ పేరే చెబుతున్నట్టు ఆయన వాడుకున్నది నాటకాన్ని కాదు, భాగోతాన్ని. రంగస్థల నాటకంలో రచయిత పుస్తకం రాసి దర్శకుడికి ఇస్తాడు, దర్శకుడు నటులకు చెబుతాడు, సంగీతం మరొకరిది, నృత్యం ఇంకొకరిది. భాగోతంలో ఈ దశలన్నీ ఒకే మనిషి తలలో ఒకేసారి జరుగుతాయి, పాట కట్టేటప్పుడే దానికి ఎన్ని అడుగులు పడతాయో, వంత ఎక్కడ అందుకోవాలో, వేషధారి ఎప్పుడు తిరగాలో అతనికి తెలిసి ఉంటుంది. వంగపండు పాటల్లో వచ్చే పునరుక్తులను, అర్థం లేనట్టు కనిపించే ఊతపదాలను, ఉన్నట్టుండి తెగిపోయే చరణాలను కాగితం మీద చదివే విమర్శకులకు అవి కవిత్వ లోపాలుగా తోచవచ్చు. ఆ చోట్లలో గజ్జె పలుకుతుంది, డప్పు జవాబు చెబుతుంది, లేదా వరుసలోని మనిషి పక్కకు తప్పుకుని మరొకరికి దారి ఇస్తాడు. ఆయన మూడువందలకు పైగా పాటలు రాశారని చెబుతారు. వాటి విలువను అచ్చు ప్రతులతో మాత్రమే కొలిస్తే సగం పక్కన పెట్టినట్టే.

సినిమా ఆయన జీవితంలో పెద్ద అధ్యాయం కాదు. ఆర్. నారాయణమూర్తి 1986లో తీసిన అర్ధరాత్రి స్వతంత్రం వంటి చిత్రాల ద్వారా ఆయన పాట పట్టణపు హాళ్లలోకి వెళ్లింది, కొన్నిటిలో ఆయనే తెర మీద కనిపించారు. విప్లవ గీతాలు క్యాసెట్ల మీదా తెర మీదా అమ్ముడుపోయే సరుకు కావడం ఆ దశకంలో మొదలైంది, దాని లాభనష్టాల గురించి వేరే వ్యాసం రాయాల్సినంత ఉంది. ఇక్కడ గమనించవలసింది ఒక్కటే, కెమెరా ముందు ఆయన నటుడు మాత్రమే అయ్యారు, పాట రికార్డింగు గదిలో కవి మాత్రమే అయ్యారు. ఆయన అన్నీ ఒకేసారి అయ్యే చోటు వీధే.

ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. వంగపండు కొండ దిగువ మనిషి, ఆదివాసీ కాదు. ఆయన పాటల్లోని కొండ మైదానం నుంచి చూసిన కొండ, అక్కడి పోరాటానికి ఇతరులను పిలిచే పాట కొండవారి భాషలో కాక మైదానపు తెలుగు మాండలికంలో ఉంది. పాణిగ్రాహి విషయంలోనూ ఇదే చెప్పవచ్చు. సవర భాషను నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు సమకూర్చిన గిడుగు రామమూర్తి వంటి శ్రద్ధ విప్లవ కళాబృందాల్లో అంతగా కనిపించదు. అయినప్పటికీ కొండ సమస్యను మైదానపు కూలీ, రైతు, కార్మికుడు తమదిగా భావించేలా చేయడం చిన్న పని కాదు, దానికి మైదానపు మాటతీరే అవసరమైంది. ఈ రెండు మాటలూ నిజమే, ఒకటి మరొకదాన్ని రద్దు చేయదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017లో వంగపండును కళారత్న పురస్కారంతో గౌరవించింది. ప్రభుత్వాలను ఎదిరించిన పాటకు ప్రభుత్వ శాలువా కప్పడం తెలుగు సాంస్కృతిక చరిత్రలో కొత్త కాదు. ఈలోగా కొండల మీద థింసా కూడా వేదిక మార్చుకుంది. 1996లో ఏర్పడిన అరకు గిరిజన మ్యూజియం ఆవరణలో, పర్యాటక విడిది గృహాల్లో, సినిమా చిత్రీకరణల్లో, గణతంత్ర దినోత్సవ వేడుకల్లో ఒకే రంగు చీరలు కట్టిన బృందాలు కొద్ది నిమిషాల థింసా ఆడుతున్నాయి. రైలులో ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లే సందర్శకుల కోసం చైత్రమాసపు రాత్రి అంతా సాగే ఆట ఇలా కుదించుకుంది. పులి దాడి, పూనకం వంటి భాగాలు ఆ కుదింపులో జారిపోయి, వలయంగా తిరిగే అందమైన వరుస మిగులుతోంది. దాన్ని కేవలం నష్టంగా లెక్కవేయనవసరం లేదు, ఎందుకంటే ఆ ప్రదర్శనలు కొందరు మహిళలకు సీజనులో కూలి కంటే మెరుగైన ఆదాయం ఇస్తున్నాయి. ఊరి పండుగలో ఆడే ఆట కూడా చైత్రంలో తన చోట తాను సాగుతూనే ఉంది.

రెండు సంప్రదాయాల భవిష్యత్తు ఒకటి కాదు. థింసా రచయిత లేని కళ కనుక ఎవరు పోయినా దాని అడుగు మిగులుతుంది. వరుసలో నిలబడ్డ పిల్లకు పక్కనున్న పెద్దామె చేయి ద్వారా అది చేరుతూనే ఉంటుంది. వంగపండు భాగోతం ఒక మనిషి కూర్చిన కళ. ఆయన పాటలు పుస్తకాలకెక్కాయి, గొంతు క్యాసెట్లలోనూ వీడియోల్లోనూ ఉంది. భూమి భాగోతంలో ఎవరు ఏ పక్కకు తిరగాలో, ఏ చరణం దగ్గర గజ్జె ఆపాలో, ఏ మాటకు జనం వైపు చూడాలో చెప్పే రాత మాత్రం ఆ పుస్తకాల్లో లేదు. ఆయనతో గజ్జె కట్టినవారిని కూర్చోబెట్టి దాన్ని రాయించడం విజయనగరం, విశాఖపట్నం విశ్వవిద్యాలయాలు చేయగల పని. ఆ బృందాల్లో ఆడినవారిలో చాలామంది ఇప్పుడు వృద్ధులు.